పాత లేజర్ ప్రింటర్‌కి ర్యామ్ పెంచితే ఉపయోగం ఉంటుందా?

#1 టోనర్‌మరక

అందరికీ నమస్కారం. నా దగ్గర బాగా పాతబడిన నలుపు-తెలుపు లేజర్ ప్రింటర్ ఒకటి ఉంది. కంపెనీ పేరు చెబితే అసలు సంగతి పక్కకు పోయి బ్రాండ్ల కొట్లాట మొదలవుతుంది, అందుకే చెప్పడం లేదు. బోర్డు మీద 16 ఎంబీ మెమరీ ఉంది. పక్క మూత తీస్తే 100 పిన్నుల స్లాట్ ఒకటి ఖాళీగా కనిపిస్తోంది. యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి వాడుతున్నాను.

ఒట్టి అక్షరాలున్న పేజీలు ఎన్నైనా చకచకా వచ్చేస్తాయి. ఫొటోలున్న పేజీ పంపితేనే గొడవ. పైభాగం ఒక కాగితం మీద, మిగతాది ఇంకో కాగితం మీద పడుతోంది. ప్యానెల్ మీద మెమరీ చాలలేదని వస్తుంది, బటన్ నొక్కితే గానీ ముందుకు కదలదు. రెండువైపులా వేయమంటే కొన్ని ఫైళ్లు అసలు మొదలే కావు.

ఆ ఖాళీ స్లాట్‌లో ర్యామ్ వేస్తే ఇది తీరుతుందా? వేగం కూడా పెరుగుతుందా? ఇది చేసి చూసినవాళ్లు చెప్పండి.

#2 కొత్తదికొను

తీసి పారేసి కొత్తది తెచ్చుకోండి. అంత పాతదానికి ర్యామ్ వెతకడానికి పడే శ్రమలో సగం కూడా పడక్కర్లేదు కొత్తదానికి.

#3 పాతసామాను

పై సలహాను కాసేపు పక్కన పెడదాం. ఆనాటి ఆఫీసు ప్రింటర్లు గట్టివి. రోలర్లు, ఫ్యూజర్ (టోనర్‌ను వేడితో కాగితానికి అతికించే భాగం) బాగుంటే ఇంకా చాలాకాలం పనిచేస్తాయి.

టోనర్‌మరక గారూ, ఏదైనా కొనే ముందు మూడు సంగతులు చూసి చెప్పండి. ప్రింటర్ మెనూలోంచి కాన్ఫిగరేషన్ పేజీ తీయండి, అందులో మొత్తం మెమరీ ఎంతని రాసి ఉంది? కంప్యూటర్‌లో ఏ డ్రైవర్ వేశారు, పీసీఎల్ 5, పీసీఎల్ 6, పోస్ట్‌స్క్రిప్ట్‌లలో (పేజీ ఎలా ఉండాలో ప్రింటర్‌కి చెప్పే భాషలివి) ఏది? రిజల్యూషన్ ఎంత పెట్టారు? నాకు మూడోదాని మీదే అనుమానం.

#4 టోనర్‌మరక

కాన్ఫిగరేషన్ పేజీలో మొత్తం 16 ఎంబీ అనే ఉంది. డ్రైవర్ పీసీఎల్ 5. రిజల్యూషన్ 1200. ఎక్కువ పెడితే బాగా వస్తుందని మొదటినుంచీ అదే ఉంచేశాను.

#5 పాతసామాను

అనుకున్నదే. ఒకసారి లెక్క వేద్దాం.

ఏ4 కాగితాన్ని 600 డీపీఐతో (అంగుళానికి 600 చుక్కలతో) అచ్చు వేయాలంటే అడ్డంగా 4,960 చుక్కలు, నిలువుగా 7,016 చుక్కలు కావాలి. రెండూ గుణిస్తే దాదాపు 3 కోట్ల 48 లక్షలు. నలుపు-తెలుపు ప్రింటర్‌కి ఒక్కో చుక్కకి ఒక బిట్టు చాలు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి పేజీ మొత్తం 43 లక్షల 50 వేల బైట్ల దగ్గర ఆగుతుంది. అంటే 4 ఎంబీ పైచిలుకు. అదే 300 డీపీఐ అయితే అందులో నాలుగో వంతు, సుమారు 1 ఎంబీ. 1200కి వెళ్తే నాలుగింతలు, 16.6 ఎంబీ.

మీ ప్రింటర్‌లో ఉన్నదే 16. అందులోంచి దాని సొంత సాఫ్ట్‌వేర్‌కి, కంప్యూటర్‌ నుంచి వచ్చే డేటాకి, ఫాంట్లకి కూడా చోటు పోవాలి. 1200లో ఒక పేజీని ఉన్నదున్నట్టు పెట్టుకోవడానికే చోటు లేదన్నమాట. కుదించి ఎలాగో నెట్టుకొస్తోంది. ఫొటో వచ్చేసరికి ఆ కుదింపు కూడా పనిచేయదు. అక్షరాల పేజీలో తెల్లటి ఖాళీ ఎక్కువ కాబట్టి బాగా కుదించగలదు. ఫొటోను చుక్కల జల్లుగా మార్చాక అందులో కుదించడానికి ఏమీ మిగలదు.

లేజర్ ప్రింటర్‌కి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఇంక్‌జెట్ అయితే ఒక వరుస వేసి, తర్వాతి వరుస డేటా వచ్చేదాకా కాగితాన్ని పట్టుకుని ఆగగలదు. లేజర్‌లో కాగితం కదలడం మొదలయ్యాక డ్రమ్ము (లేజర్ బొమ్మ గీసే గొట్టం), ఫ్యూజర్ ఒకే వేగంతో తిరుగుతూనే ఉండాలి. మధ్యలో ఆగడం కుదరదు. కాగితం బయల్దేరేటప్పటికి పేజీ మొత్తం మెమరీలో సిద్ధంగా ఉండాలి, లేదా లేజర్ ఏ గీతకు చేరేలోపు ఆ గీత తయారవుతుందన్న నమ్మకమైనా ఉండాలి.

ముందుగా 600కి తగ్గించి చూడండి. పైసా ఖర్చు లేని పని.

#6 గుండుసూది

> పేజీ మొత్తం మెమరీలో సిద్ధంగా ఉండాలి

పాతసామాను గారూ, ఇక్కడ నాకో సందేహం. హెచ్‌పీ లేజర్‌జెట్ 4 వచ్చింది 1992లో. అది 600 డీపీఐ మెషీన్, కానీ దాంతో వచ్చిన మెమరీ 2 ఎంబీయే. మీ లెక్క ప్రకారం పేజీకి 4 ఎంబీ కావాలి కదా. మరి అదెలా అచ్చు వేసింది?

#7 పాతసామాను

మంచి ప్రశ్న. అందుకే నా వాక్యం చివర 'లేదా' అని ఇంకో సగం పెట్టాను :)

ఆ తరం ప్రింటర్లు పేజీని వెంటనే చుక్కలుగా మార్చేయవు. 'ఇక్కడ ఈ అక్షరం, అక్కడ ఆ గీత, ఫలానా చోట బొమ్మ' అని ఒక జాబితా తయారు చేసుకుంటాయి. పేజీని అడ్డంగా సన్నని పట్టీలుగా విడదీసి, లేజర్ ఒక పట్టీ గీస్తుండగా దాని తర్వాతి పట్టీని చుక్కలుగా మారుస్తాయి. వాడేసిన పట్టీ చోటు మళ్లీ ఖాళీ అవుతుంది. మామూలు ఉత్తరం లాంటి పేజీకి ఆ జాబితా చాలా చిన్నది, కాబట్టి 2 ఎంబీతోనే బండి నడిచిపోయేది.

ఇందులో చిక్కులు రెండు రకాలుగా వస్తాయి. జాబితాయే మెమరీలో పట్టకపోతే ఒక రకం. ఆ లేజర్‌జెట్లలో దానికి 20 నంబరు సందేశం వచ్చేది, మెమరీ నిండిపోయిందని. జాబితా పట్టినా, ఒక పట్టీలో పని మరీ ఎక్కువై లేజర్ వచ్చేలోపు పూర్తి కాకపోతే ఇంకో రకం. దానికి 21, పేజీ మరీ చిక్కుగా ఉందని. ఈ రెండోదాని కోసమే చాలా ప్రింటర్ల మెనూలో పేజ్ ప్రొటెక్ట్ అనే సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్ చేస్తే పేజీ మొత్తానికీ చోటు ముందే కేటాయించి, అన్ని చుక్కలూ సిద్ధమయ్యాకే కాగితాన్ని కదిలిస్తుంది. అంత చోటు ఉండాలంటే మెమరీ ఉండాలి, మళ్లీ అక్కడికే వస్తాం.

మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 1984లో వచ్చిన మొట్టమొదటి లేజర్‌జెట్‌లో ఉన్నది 128 కేబీయే. అక్షరాలకు సరిపోయేది గానీ 300 డీపీఐలో పేజీ నిండా బొమ్మ వేయడం దాని వల్ల అయ్యేది కాదు. మరుసటి ఏడాది ఆపిల్ లేజర్‌రైటర్ పోస్ట్‌స్క్రిప్ట్‌తో, 1.5 ఎంబీ మెమరీతో వచ్చింది. అప్పటి మాకింతోష్‌లో ఉన్నది 512 కేబీ. కంప్యూటర్ కన్నా దానికి తగిలించిన ప్రింటర్‌లోనే మూడింతల మెమరీ!

#8 అక్షరపక్షి

నేను చాలాకాలంగా డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే) పని చేస్తున్నాను. తెలుగు పేజీలకు సంబంధించి ఒక సంగతి చెప్పాలి, దీన్ని ఎవరూ పట్టించుకోరు.

ఇంగ్లీషుకి ప్రింటర్ రోమ్‌లో (చెరగని మెమరీ చిప్పులో) కొన్ని ఫాంట్లు ముందే ఉంటాయి. తెలుగుకి ఈ పాత మెషీన్లలో అలాంటివేమీ లేవు. మనం వాడిన ప్రతి ఫాంటునీ డ్రైవరే కంప్యూటర్ నుంచి ప్రింటర్ మెమరీలోకి దింపుతుంది. మనకు గుణింతాలు, ఒత్తులు, వాటి కలయికలు ఉండడం వల్ల ఒక పేజీలోనే వేర్వేరు ఆకారాలు చాలా పోగవుతాయి. శీర్షికకు ఒక ఫాంటు, ఉపశీర్షికకు ఇంకోటి, లోపలి మేటర్‌కి మరోటి, పైగా బోల్డు. అన్నీ ఆ 16 ఎంబీలోనే సర్దుకోవాలి.

డ్రైవర్‌లో ఫాంట్లను అవుట్‌లైన్‌గా (అక్షరం అంచు గీతలుగా) పంపాలా, బిట్‌మ్యాప్‌గా (చుక్కలుగా) పంపాలా అని అడిగే చోటు ఉంటుంది. బిట్‌మ్యాప్ అయితే అక్షరం సైజును బట్టి బరువు మారుతుంది. 600 డీపీఐలో 10 పాయింట్ల అక్షరానికి ఒక కేబీ కూడా పట్టదు. అదే 72 పాయింట్ల శీర్షిక అక్షరం అంగుళం ఎత్తు ఉంటుంది. 600 చుక్కలు అడ్డం, 600 నిలువు, అంటే ఒక్క అక్షరానికి 45 కేబీ. పెద్ద శీర్షికలున్న పేజీలకు అవుట్‌లైన్ మేలు. చిన్న అక్షరాలతో, తక్కువ రకాల ఫాంట్లతో ఉన్న పేజీకి బిట్‌మ్యాప్ తేలిక.

ఇంకోటి, అక్షరాల వెనక పలచని నీడలు, పారదర్శకంగా కనిపించే బొమ్మలు పెడుతున్నారా? పీసీఎల్ 5కి పారదర్శకత అర్థం కాదు. ఆ భాగమంతా పంపేముందే కరిగి బొమ్మ ముక్కలుగా మారిపోతుంది. కంటికి అక్షరాల పేజీలాగే ఉంటుంది కానీ ప్రింటర్‌కి చేరేది ఫొటోయే.

#9 టోనర్‌మరక

అక్షరపక్షి గారూ, మీరు నా పేజీలు చూసినట్టే చెప్పారు. శీర్షికలన్నిటికీ నీడలు పెట్టాను!

600కి తగ్గించాను. ఒక్కో ఫొటో ఉన్న పేజీలు ఇప్పుడు నిక్షేపంగా వస్తున్నాయి, కాగితం మీద తేడా కూడా నాకు పెద్దగా కనిపించలేదు. కానీ పేజీ నిండా ఫొటో ఉన్నవి, రెండువైపులా వేయాల్సినవి ఇంకా మొరాయిస్తున్నాయి. కాబట్టి మెమరీ వేయాల్సిందే అనిపిస్తోంది. ఎలాంటిది చూసుకోవాలి?

#10 పాతసామాను

రెండువైపులా అనేసరికి ఎందుకు మొరాయిస్తుందంటే, కాగితం వెనక్కి తిరిగి వచ్చేలోపు రెండో వైపు కూడా సిద్ధంగా ఉండాలి. కొన్ని మెషీన్లు ఒకేసారి ఒకటికి మించి కాగితాలను లోపల తిప్పుతుంటాయి, వాటికి ఇంకా ఎక్కువ పేజీలు మెమరీలో ఉండాలి. మీకు మెమరీ నిజంగా పనికొచ్చేది ఇక్కడే.

ఇంకొక్క మాట. డ్రైవర్‌లో 1200 అని కనిపించేదంతా అసలైన 1200 కాదు. హెచ్‌పీ వాటిలో ప్రోరెస్ 1200, ఫాస్ట్‌రెస్ 1200 అని రెండు ఉండేవి. మొదటిది నిజంగా 1200. రెండోది 600 మీదే చుక్కల్ని సవరించి నునుపుగా చూపించే పద్ధతి, దానికి మెమరీ అంత పట్టదు. మీ డ్రైవర్‌లో ఇలాంటి రెండు రకాలు ఉన్నాయేమో చూడండి.

#11 రాత్రిబల్బు

నా దగ్గర పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసిన ర్యామ్ కార్డులు డ్రాయర్ నిండా ఉన్నాయి. అవి పట్టవా? అడిగితే తప్పేముందని అడుగుతున్నా.

#12 లోపలిమనిషి

పట్టవు. ఇక్కడే చాలామంది చేతులు కాల్చుకుంటారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

1990ల మొదట్లో వచ్చిన ప్రింటర్లలో 72 పిన్నుల సిమ్ (SIMM, పాతరకం ర్యామ్ కార్డు) ఉండేది. చూడడానికి ఆనాటి కంప్యూటర్ సిమ్‌లాగే ఉంటుంది, స్లాట్‌లో కూడా కూర్చుంటుంది. కానీ దాని 67 నుంచి 70 దాకా ఉన్న నాలుగు పిన్నులు 'నా సైజు ఇంత, నా వేగం ఇంత' అని చెప్పడానికి పెట్టినవి. కంప్యూటర్లు చాలావరకు వాటిని చూడకుండా తామే పరీక్షించి తెలుసుకునేవి. ప్రింటర్లలో చాలా రకాలు ఆ పిన్నులనే నమ్ముకుంటాయి. అక్కడ ఏమీ కలపని కార్డు వేస్తే మెమరీ లేనట్టే లెక్క. సోల్డరింగ్ చేతనైనవాళ్లు ఆ పిన్నులను కలిపే చిన్న జంపర్లను (తీగ ముక్కల్లాంటివి) కార్డు మీద అతికించి సరిచేసుకునేవారు. ఎడ్జ్ పిన్నుల పైన, సరిగ్గా ఒక మూల, బియ్యపు గింజలో సగం కూడా ఉండని ఖాళీ పాడ్లు వరుసగా కనిపిస్తాయి, అవే. అలవాటు లేకపోతే ముట్టుకోకండి.

తర్వాత వచ్చింది 100 పిన్నుల డిమ్ (DIMM, సిమ్ తర్వాతి తరం కార్డు), టోనర్‌మరక గారి దగ్గరున్నది. ఇది కంప్యూటర్లలో కనిపించే రకం కాదు. దీని డేటా దారి 32 బిట్లు. ల్యాప్‌టాప్‌లోని 144 పిన్నుల ఎస్‌డీర్యామ్ (ర్యామ్‌లో ఒక రకం) కార్డుది 64 బిట్లు, పొడవు, గాడి అన్నీ వేరు. 100 పిన్నుల్లోనే మళ్లీ తరాలున్నాయి. లేజర్‌జెట్ 4100లో ఎస్‌డీర్యామ్, తర్వాతి కాలంలో వచ్చిన 4250లో డీడీఆర్ (ఇంకా కొత్త రకం). రెండూ 100 పిన్నులే, ఒకటి రెండోదానికి పనికిరాదు. 'వంద పిన్నులు' అన్న మాట ఒక్కటీ పట్టుకుని కొనకండి. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో మెమరీ రకం, ఒక్కో స్లాట్‌కి గరిష్ఠం ఎంత అన్నవి ఉంటాయి, ఆ రెండూ కాగితం మీద రాసుకుని వెతకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ స్లాట్లలో ఎప్పుడూ ర్యామే ఉంటుందని అనుకోవద్దు. కొన్ని మోడళ్లలో పోస్ట్‌స్క్రిప్ట్, అదనపు ఫాంట్లు అచ్చం అలాంటి కార్డు మీదే ర్యామ్ కాకుండా రోమ్ చిప్పులుగా వచ్చేవి. లేజర్‌జెట్ 2100లో పోస్ట్‌స్క్రిప్ట్ కావాలంటే అలాగే వేసేవారు. స్లాట్‌లో ఇప్పటికే ఏదో ఉంటే, అదేమిటో తెలియకుండా పీకేసి దాని చోట ర్యామ్ పెడితే మెమరీ పెరుగుతుంది, పోస్ట్‌స్క్రిప్ట్ మాయమవుతుంది. మీది ఖాళీ స్లాట్ కాబట్టి ఆ భయం లేదు.

#13 కొత్తదికొను

ఇంత పురాణం చదివాక కూడా కొత్తది కొనరా?

#14 అక్షరపక్షి

కొత్తవాటిలో చవకరకం చాలావాటికి ర్యామ్ స్లాటే ఉండదండి. పేజీని కంప్యూటరే చుక్కలుగా మార్చి పంపుతుంది, ప్రింటర్ వాటిని పోసుకుంటూ పోతుంది. లేజర్‌జెట్ 1020 ఆ పద్ధతిదే. దాని మెమరీ 2 ఎంబీ, పెంచే వీలు లేదు. స్విచ్ వేసిన ప్రతిసారీ దాని సొంత సాఫ్ట్‌వేర్‌ను కూడా కంప్యూటరే దింపాలి. దాంట్లో తప్పేమీ లేదు, చాలా ఇళ్లలో హాయిగా పనిచేసింది. కానీ దానికి తగిన డ్రైవర్ దొరకని రోజున అది ఒట్టి డబ్బా. పీసీఎల్, పోస్ట్‌స్క్రిప్ట్ తెలిసిన పాత మెషీన్‌కి ఏ కంప్యూటర్ అయినా మామూలు డ్రైవర్‌తో మాట్లాడగలదు. అందుకే నేనూ పాతదాన్నే ఉంచుకున్నాను.

#15 టోనర్‌మరక

మాన్యువల్ చూశాను, ఎస్‌డీర్యామ్, స్లాట్‌కి 128 ఎంబీ దాకా అని ఉంది. వాడిన 128 ఎంబీ డిమ్ ఒకటి దొరికింది. రేపు వేద్దామనుకుంటున్నా. లోపల చేయి పెట్టడం ఇదే మొదటిసారి, కాస్త టెన్షన్‌గా ఉంది. జాగ్రత్తలు చెప్పండి.

#16 లోపలిమనిషి

టెన్షన్ అక్కర్లేదు, నిదానంగా చేస్తే చాలు.

స్విచ్ ఆపడంతో సరిపెట్టకండి, కరెంటు వైరు, యూఎస్‌బీ వైరు రెండూ పీకేయండి. ఫ్యూజర్ 200 డిగ్రీల దరిదాపుల్లో కాలుతుంటుంది. మీరు తెరిచే పక్క మూతకి అది దూరంగానే ఉన్నా చల్లారనివ్వడం మంచిది. కార్డును దాని సంచిలోంచి తీసేముందు ప్రింటర్ లోపలి లోహపు చట్రాన్ని ఒకసారి ముట్టుకోండి, ఒంట్లో స్టాటిక్ ఉంటే పోతుంది. కార్డును అంచులు పట్టుకుని తీయండి, బంగారు రంగు పిన్నుల మీద వేళ్లు పడనివ్వకండి. వాడిన కార్డు కాబట్టి పిన్నులు మసకగా ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన నూగు రాలని గుడ్డతో తుడిచి ఆరనివ్వండి.

స్లాట్‌కి రెండు చివర్లా చిన్న చెవులుంటాయి, వాటిని బయటికి వంచండి. కార్డు గాడి, స్లాట్‌లోని గుబ్బ ఎదురెదురుగా ఉన్నాయో చూసి, నిటారుగా, రెండు చివర్లా సమానంగా నొక్కండి. సరిగ్గా కూర్చుంటే చెవులు వాటంతటవే లేచి కార్డు గాట్లలో పడతాయి. ఒక చెవి లేచి ఇంకోటి లేవకపోతే తీసి మళ్లీ పెట్టండి. బలం చూపించాల్సిన పని కాదు. 72 పిన్నుల సిమ్ అయితే పద్ధతి వేరు, దాన్ని ఏటవాలుగా పెట్టి పైకి లేపాలి.

అయ్యాక కాన్ఫిగరేషన్ పేజీ తీసి ఇక్కడ చెప్పండి.

#17 టోనర్‌మరక

వేశాను. చెవులు టక్కుమని పడ్డాయి. ప్రింటర్ మామూలుగానే లేచింది, ప్యానెల్ మీద ఏ తప్పూ చూపలేదు.

కానీ కాన్ఫిగరేషన్ పేజీలో మొత్తం 80 ఎంబీ అని ఉంది. 16కి 128 కలిపితే 144 రావాలి కదా? కార్డు మీద లేబుల్ 128 అనే ఉంది. ఇంకోటి, కంప్యూటర్ నుంచి ఆ పేజీ నిండా ఫొటో ఉన్న ఫైలు పంపితే, ఇంతకుముందులాగే సగమే వచ్చింది.

#18 లోపలిమనిషి

80 అంటే 16, దానిమీద 64. కార్డులో సగమే కనబడుతోంది. ఇది చెడిపోయిన కార్డు అనుకోకండి, పాడైతే ప్రింటర్ లేచేటప్పుడే మెమరీ తప్పు చూపించి ఆగేది. 128 ఎంబీని రెండు రకాలుగా కడతారు. తక్కువ సామర్థ్యం ఉన్న చిప్పులు ఎక్కువ పెట్టి ఒక పద్ధతి, ఎక్కువ సామర్థ్యం ఉన్న చిప్పులు తక్కువ పెట్టి ఇంకోటి. పాత మెమరీ కంట్రోలర్‌కి కొత్త చిప్పుల్లోని వరుసలన్నిటికీ చిరునామా వేయడం చేతకాదు, లెక్కపెట్టగలిగినంతే వాడుకుంటుంది. కార్డు మీద చిప్పులు ఎన్ని ఉన్నాయి?

#19 టోనర్‌మరక

ఒకవైపే ఉన్నాయి, రెండు చిప్పులు. వెనకవైపు ఖాళీ.

#20 లోపలిమనిషి

అయితే అదే సంగతి. ఇచ్చినవాళ్లు మార్చి ఇస్తామంటే ఎక్కువ చిప్పులున్నది అడగండి. లేకపోతే వదిలేయండి. 600 డీపీఐకి 80 ఎంబీ మీకు ధారాళంగా సరిపోతుంది.

#21 అక్షరపక్షి

రెండో సమస్యకి నేను చెబుతాను. ప్రింటర్‌కి మెమరీ పెరిగిందని ప్రింటర్‌కి తెలిసింది, డ్రైవర్‌కి తెలియలేదు. విండోస్‌లో పీసీఎల్ డ్రైవర్ తన దగ్గర రాసి ఉన్న మెమరీ లెక్క చూసుకునే డేటా పంపుతుంది. 16 అని రాసి ఉంటే, అందులో పట్టదనుకున్నదాన్ని వేరేలా పంపుతుంది, లేదా ఆపేస్తుంది.

ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి, డివైస్ సెట్టింగ్స్ ట్యాబ్‌కి వెళ్లండి. అడుగున ఇన్‌స్టాలబుల్ ఆప్షన్స్ కింద ప్రింటర్ మెమరీ అని ఉంటుంది. దాన్ని 80కి మార్చండి. 80 లేకపోతే దానికన్నా తక్కువలో దగ్గరిది ఎంచుకోండి, ఎక్కువది మాత్రం పెట్టొద్దు. లైనక్స్ వాడేవాళ్లకి ఇదే మాట కప్స్ (లైనక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే సాఫ్ట్‌వేర్) పేజీలో ప్రింటర్ ఆప్షన్ల కింద ఉంటుంది. ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లో వెతికితే ఇది దొరకదు, చాలామంది అక్కడే తిరుగుతుంటారు.

#22 టోనర్‌మరక

అద్భుతం! అక్కడ 16 అనే ఉంది. జాబితాలో 80 లేదు, 72 ఎంచుకున్నాను. పేజీ నిండా ఫొటో ఒకే కాగితం మీద వచ్చింది. రెండువైపులా వేయమన్నా మారు మాట్లాడకుండా వేసేస్తోంది.

ఒక్క ఫైలు మాత్రం ఇప్పటికీ విసిగిస్తోంది. ఒక మ్యాప్, పీడీఎఫ్‌లో ఉంది. తప్పు ఏమీ చూపించదు, సరిగ్గానే వస్తుంది. కానీ పంపాక లైటు మినుకుమినుకుమంటూ టీవీలో వాతావరణ వార్తలు అయిపోయేంతసేపు కూర్చుంటుంది. ర్యామ్ పెంచినా ఇంతేనా?

#23 గుండుసూది

నేను ముందే అడుగుదామనుకున్నా. ర్యామ్ పెంచితే వేగం పెరుగుతుందని అందరూ అంటారు కదా?

#24 పాతసామాను

అంటారు, సగమే నిజం. మెమరీ చాలక ప్రింటర్ మాటిమాటికీ కుదిస్తూ, ఫాంట్లను తీసేసి మళ్లీ దింపుకుంటూ ఉంటే అక్కడ వేగం పెరుగుతుంది. ఒకే ఫైలు చాలా కాపీలు తీసేటప్పుడు కూడా, మొదటి కాపీ తయారయ్యాక పేజీలు మెమరీలో నిలబడితే మిగతావి గబగబా వస్తాయి. ఇవి కాక ఫ్యూజర్ వేడెక్కడం, కాగితం నడిచే వేగం, అచ్చు నాణ్యత, వీటికీ మెమరీకీ సంబంధమే లేదు.

మ్యాప్ సంగతి వేరు. అందులో రోడ్లు, కాలువలు, సరిహద్దులు అన్నీ వేలకొద్దీ చిన్న గీతలు. ప్రతి గీతనూ ప్రింటర్‌లోని పాత ప్రాసెసర్ లెక్కకట్టాలి. ఎంత ర్యామ్ పోసినా ఆ ప్రాసెసర్ మారదు కదా. అందుకే ఆ పనిని కంప్యూటర్ చేత చేయించండి. పీడీఎఫ్ చూసే సాఫ్ట్‌వేర్‌లో ప్రింట్ కొట్టేచోట అడ్వాన్స్‌డ్ నొక్కితే ప్రింట్ యాజ్ ఇమేజ్ అని ఉంటుంది. దానికి టిక్ పెట్టి 600 డీపీఐ ఇవ్వండి. కంప్యూటర్ క్షణాల్లో గీతలన్నిటినీ చుక్కలుగా మార్చేస్తుంది, ప్రింటర్ వాటిని తీసుకుని వేయడమే. నేను గోస్ట్‌స్క్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఇదే పని చేస్తుంటాను, ఫలితం ఒకటే.

పాత యూఎస్‌బీ 1.1 అయితే సెకనుకి 12 మెగాబిట్లు మించదు, అచ్చమైన డేటా సెకనుకి ఒక ఎంబీ దగ్గర ఆడుతుంది. 4 ఎంబీ పేజీ చేరడానికి కాసిని సెకన్లు పడుతుంది. పర్వాలేదు, మీరు ఇప్పుడు పడుతున్నదానితో పోలిస్తే అది లెక్కలోది కాదు. ఈ పద్ధతిని మామూలు అక్షరాల పేజీలకు మాత్రం వాడొద్దు, అక్కడ అనవసరంగా డేటా పెరుగుతుంది.

#25 టోనర్‌మరక

ఇమేజ్‌గా పంపితే మ్యాప్ వెంటనే వచ్చేసింది. చిన్న ఊళ్ల పేర్ల అక్షరాలు కాస్త మొరటుగా పడ్డాయి, చదవడానికి ఇబ్బందేమీ లేదు.

చివరిగా ఒకటి. మెమరీ పెరిగాక ప్రింటర్ మెనూలో ర్యామ్ డిస్క్ అని కొత్త ఆప్షన్ ఒకటి ప్రత్యక్షమైంది, ఇంతకుముందు లేదు. ఆన్ చేయనా?

#26 లోపలిమనిషి

మీరు ఒక్కరే వాడుతుంటే ఆఫ్‌లోనే ఉంచండి. అది మెమరీలో కొంత భాగాన్ని డిస్క్‌లాగా పక్కన పెట్టి, ఎక్కువ కాపీల పనులు దాచుకోవడానికి. కరెంటు పోతే అందులో ఉన్నది పోతుంది. పక్కన పెట్టినంత మేరా పేజీలకు చోటు తగ్గుతుంది. ఆఫీసులో నలుగురూ బొత్తులు బొత్తులుగా వరసపెట్టి కాపీలు తీస్తుంటే అప్పుడు పనికొస్తుంది. ఆన్ చేస్తే డ్రైవర్‌లో మెమరీ లెక్కను కూడా ఆ మేరకు తగ్గించాలి.

#27 రాత్రిబల్బు

నా డ్రాయర్‌లో వెతికాను, 100 పిన్నులది ఒకటి దొరికింది! కానీ చిప్పుల మీద ఫ్లాష్ అని రాసి ఉంది.

#28 లోపలిమనిషి

అది ర్యామ్ కాదు, ఫాంట్లు, ఫారాలు దాచుకునే కార్డు. దేంట్లోంచి తీశారో గుర్తుంటే దాంట్లోనే తిరిగి పెట్టేయండి.